మా అత్తను చంపిన కథ

పొద్దున దుకాణం షట్టరు ఎత్తి, కళ్లద్దాల ఫ్రేముల మీది దుమ్ము దులుపుతుంటే ఫోను టింగుమంది. ఎవరో పాఠకుడు. కొన్నేళ్ల కిందట ఒక అంతర్జాల పత్రికలో వచ్చిన నా ఒకే ఒక్క సైన్సు కథ కింద ఇన్నాళ్లకు తన అభిప్రాయం రాశాడు. "కథ బాగుంది. కానీ ఆ పెద్దావిడను చంపడం అవసరమా?" అంతే, ఒకటే ముక్క. నేను గుడ్డ పక్కన పడేసి నవ్వడం మొదలుపెట్టాను. అద్దం ముందు నిలబడి ఫ్రేము పెట్టి చూసుకుంటున్న పెద్దమనిషి, తన ముఖం చూసే నవ్వుతున్నాననుకుని అది తీసేసి ఇంకొకటి అడిగాడు. అదీ ఒకందుకు మంచిదే అయింది, రెండోది ఆయనకు నిజంగానే నప్పింది. కానీ నా నవ్వు ఆయన గురించి కాదు. ఈ ప్రశ్న నన్ను ఇంతకుముందు చాలామంది అడిగారు. కొందరు మర్యాదగా అడిగారు, ఒకాయన తిట్టి అడిగాడు, ఒక బృందమైతే పూలదండ పట్టుకుని బస్సెక్కి వచ్చి మరీ అడిగింది.

ముందు నా సంగతి కొంచెం చెప్పాలి. ఉన్నది ఉన్నట్టు చెప్పడం నాకు చేతకాదు. హుజూరాబాద్ పోయి వస్తుంటే దారిలో బస్సుకు అడ్డం వచ్చిన గొర్రెల మంద, నేను కరీంనగర్ చేరి ఇంట్లో కాళ్లు కడుక్కునే సరికి అడవిదున్నల మంద అవుతుంది. మా ఆవిడ దీనికి ఒక పద్ధతి కనిపెట్టింది. నేను ఏం చెప్పినా ముందు సగానికి కోస్తుంది, మిగిలిన దాంట్లో మళ్లీ సగం నమ్ముతుంది. మా కాపురం ఇన్నేళ్లు సుఖంగా సాగింది ఆ పావు వంతు మీదే. ఈ విద్య నాకు అబ్బింది మా మేనత్త ఇంట్లో. మా మామ బొగ్గుబాయిలో పనిచేసేవాడు. గోదావరి దిక్కున కంపెనీ కట్టించిన క్వార్టర్ల వరుసలో వాళ్ల ఇల్లు. ఎండాకాలం సెలవులు రాగానే మా బాపు నన్ను అక్కడ దింపేసి, మళ్లీ బడి తెరిచేదాకా ఆ పక్కకు తొంగి చూసేవాడు కాదు. ఆ ఊళ్లో గడియారంతో పని లేదు. సైరన్ మోగితే లేవడం, సైరన్ మోగితే వండటం, సైరన్ మోగితే మామ కోసం వాకిట్లో నీళ్ల బకెట్టు పెట్టడం. పొద్దున ఆరేసిన తెల్ల బనియన్లు సాయంత్రానికి బూడిద రంగుకు తిరిగేవి. మధ్యాహ్నం ఎక్కడో బ్లాస్టింగు చేస్తే అరుగు కింద నేల సన్నగా వణికి, స్టాండులో గ్లాసులు ఒకదానితో ఒకటి గుసగుసలాడేవి. బొగ్గుల పొయ్యి మీద కాలే జొన్నరొట్టె, ఆ పొగ, డ్యూటీ దిగి స్నానం చేసిన మామ ఒంటి మీది సబ్బు, ఈ మూడు వాసనలూ కలిస్తే నాకు ఇప్పటికీ బడి లేదనిపిస్తుంది.

పొద్దంతా ఏం తోచక అక్కడే కథలు అల్లడం మొదలుపెట్టాను. నీళ్ల ట్యాంకు మీద పులి పడుకుందని చెప్పేవాణ్ని. బొగ్గు బోగీలో ఒక దొరసాని తెల్లచీర కట్టుకుని కూర్చుని పోయిందని చెప్పేవాణ్ని. నా ఈడు పిల్లలు కొట్టడానికి వచ్చేవాళ్లు. మా అవ్వకు, అంటే అమ్మకు, తెలిస్తే వీపు మీద ఒకటి వేసేది. మా మేనత్త మాత్రం చేతిలో పిండి అలాగే ఉంచుకుని మొత్తం వినేది. విని, "దొరసాని సరే గని అల్లుడా, గంత బొగ్గుల కూసుంటె తెల్లచీర తెల్లగనే ఉంటదా? మల్ల చెప్పు, జర మంచిగ చెప్పు" అనేది. నేను మళ్లీ చెప్పేవాణ్ని. ఈసారి దొరసాని చీర నల్లబడేది, ఆవిడ ముక్కు చీదుకునేది, కథకు ప్రాణం వచ్చేది. ఇప్పుడు వెనక్కి చూస్తే నాకు తొలి పాఠకురాలూ తొలి సంపాదకురాలూ ఆమే. "అబద్ధం ఆడకు" అని ఒక్కసారి కూడా అనలేదు.

అలాంటి అత్తను నేను కథలో చంపాను. పగబట్టి కాదు, కథ అలా తిరిగింది. ఒక వానాకాలం దుకాణంలో గిరాకీ లేక, వచ్చిన ఒకరిద్దరు కూడా వాన వెలిసేదాకా నిలబడి పోయేవాళ్లే అయినప్పుడు, బిల్లు పుస్తకం వెనకవైపు రాశాను. బొగ్గుబాయిలో ఎవరూ దిగనంత లోతున ఒక సొరంగం ఉంటుంది. అందులో కాలం మెల్లగా నడుస్తుంది. కింద ఒక్క షిఫ్టు గడిస్తే పైన యాభై ఏళ్లు గడుస్తాయి. పెళ్లయిన కొత్తలో ఒక కార్మికుడు అది తెలియక అందులోకి దిగుతాడు. భార్య అన్నం క్యారియర్ పట్టుకుని బాయి గేటు దగ్గర నిలబడుతుంది. ఆయన పని ముగించుకుని, అదే నల్లజుట్టుతో, అదే పాతికేళ్ల ముఖంతో పైకి వచ్చేసరికి, గేటు ముందు నుంచే ఊరు ఊరంతా ఒక ముసలమ్మను మోసుకుపోతూ ఉంటుంది. ఆ పాడె మీద ఉన్నది ఎవరో ఆయన గుర్తుపట్టడు. పక్కన నడుస్తున్న మేనల్లుడి చేతిలో క్యారియర్ చూసి గుర్తుపడతాడు. కథ చెప్పేది ఆ మేనల్లుడే. కథ మొదటి వాక్యం నాకు ఎంత నచ్చిందంటే, రాసిన రోజు నాలుగైదు సార్లు పైకి చదువుకున్నాను. "మా మేనత్త పోయిన పొద్దు బొగ్గుబాయి సైరన్ మోగలేదు." ఆ ముసలమ్మకు మా అత్త ముక్కుపుడకలు రెండూ పెట్టాను, ఆమె నడుముకు వేలాడే తాళంచెవుల గుత్తి పెట్టాను, ఆమె నడక పెట్టాను. మనిషిని కొత్తగా తయారుచేసే ఓపిక నాకు లేకపోయింది, ఎదురుగా రెడీమేడ్‌గా ఒకరు ఉండగా.

పత్రికకు పంపి మరిచిపోయాను. చాలా నెలల తరువాత ఒక సోమవారం అది తెర మీద కనిపించింది. ఆ సాయంత్రం నుంచే అభిప్రాయాలు వచ్చాయి. ఏదో ఇంజనీరింగ్ కాలేజీలో పాఠాలు చెప్పే ఒకాయన, భూమిలోకి ఎంత దిగినా కాలంలో అంత తేడా రానే రాదనీ, యాభై ఏళ్లు కాదు కదా రెప్పపాటులో వెయ్యో వంతు కూడా రాదనీ లెక్క వేసి పంపాడు. "మా బాయి సంగతి మీకు తెలియదు సార్" అని జవాబిచ్చాను. రిటైరైన కార్మికుడొకాయన, "యాభై ఏండ్ల షిఫ్టుకు ఓవర్‌టైం పైసలు ఇచ్చిన్రా లేదా? గది రాయకుంటె కథ అయిపోనట్టే లెక్క" అని రాశాడు. నాకు వచ్చిన సాంకేతిక విమర్శల్లో నన్ను నిజంగా ఇరుకున పెట్టింది అదొక్కటే. జైనూర్‌లో పంతులుగా ఉన్న నా మిత్రుడు, వాన పడుతుంటే స్టాఫ్‌రూములో పైకి చదివి వినిపించాడట. విన్నవాళ్లలో ఒక పెద్దమనిషి, తమ గుట్టల్లో కూడా అలాంటి గుహ ఉందనీ, దాంట్లోకి పోయిన ముసలి మేక, పిల్లగా మారి బయటకు వచ్చిందనీ చెప్పాడట. నాకంటే రెండు మెట్లు పైనున్న మనిషి, ఎన్నటికైనా కలవాలి. మా ఆవిడ మాత్రం ఫోను నా చేతికి తిరిగి ఇస్తూ, "ఇండ్ల నేనెక్కడ లేను గదా?" అంది. "ఇండ్ల ఉన్నోళ్లు సస్తున్నరు" అన్నాను. "అయితె వద్దులే" అని కూరగాయల సంచి అందుకుంది.

మంగళవారం మధ్యాహ్నం బావ ఫోన్ చేశాడు. బావంటే మేనత్త కొడుకు, ఇక్కడే కరీంనగర్‌లో ఒక గ్రానైట్ ఆఫీసులో పనిచేస్తాడు. మామ రిటైరై క్వార్టర్ ఖాళీ చేశాక అత్తా మామా వాళ్ల ఇంట్లోనే ఉంటున్నారు.

"ఏమ్రా, మా అవ్వను సంపినవట గదా?" అన్నాడు.

"కథల బావా."

"కథ లేదు, కాకరకాయ లేదు. పొద్దటి సంది నాకు ఒకటే ఫోన్లు. మా మేనేజరైతె లేచి నిలవడి, 'ఇంటికి పో, గీ టైంల ఆఫీసుకు ఎందుకొచ్చినవు' అన్నడు. శుక్రారం ఆపరేషన్ పెట్టుకోని గిదేం పనిరా? అవ్వకు తెల్సిందనుకో, ఇగ గీ జన్మల ఆ బల్ల ఎక్కది. ఏమన్న అయితె నిన్ను ఇడువ."

నాకు అప్పుడు గుర్తొచ్చింది. అత్త కడుపులో గడ్డ ఉందని డాక్టర్లు చెప్పి చాలా రోజులైంది. తీసేస్తే భయం లేదు, ఆలస్యం చేస్తేనే భయం అన్నారు. కానీ అత్తకు శకునాల పట్టింపు మహా గట్టిది. మొదటిసారి బట్టలు సర్దుకుని గడప దాటుతుంటే పక్కింటాయన తుమ్మాడు, వెనక్కి తిరిగి సంచి విప్పేసింది. రెండోసారి ఎక్కిన ఆటో స్టార్టు కాలేదు, దిగి ఇంట్లోకి వచ్చి పడుకుంది. ఈసారి ఆమే క్యాలెండర్ చూసి, ఆమే మంచిరోజు చెప్పింది. ఇంకోసారి వెనక్కి తిరిగితే డాక్టర్లు బాధ్యత తమది కాదన్నారు. సరిగ్గా ఆ వారమే నా కథ వేసుకోవడానికి పత్రిక వాళ్లకు ముహూర్తం కుదిరింది.

అసలు గండం కథతో కాదు, కథ తలకాయతో వచ్చింది. పాత క్వార్టర్ల వాళ్లకు ఒక వాట్సాప్ గ్రూపు ఉంది. ఎవరో అభిమానంతో నా పేరు పెట్టి, కథ మొదటి పేరా మాత్రం అందులో వేసి, మిగతాది చదవడానికి కింద లంకె పెట్టారు. "మా మేనత్త పోయిన పొద్దు" అని నా పేరుతో మొదలైతే అక్కడి వాళ్లకు అది కథ ఎట్లా అవుతుంది? నేను ఎవరి మేనల్లుణ్నో ఆ వరుసలో అందరికీ తెలుసు. చావుకబురు కింద 'మరింత చదవండి' అని ఉంటే దాన్ని ఎవరు నొక్కుతారు, చెప్పుల్లో కాళ్లు పెడతారు గానీ. నేను సంపాదకుడికి ఫోన్ చేసి కథ తీసెయ్యమని బతిమాలాను. "భలేవారండీ, మా పత్రికలో ఏ కథకూ ఇన్ని స్పందనలు రాలేదు, ఇప్పుడెలా తీసేస్తాం?" అని ఆయన నన్ను అభినందించి పెట్టేశాడు.

దుకాణం మూసి బావ ఇంటికి పరుగెత్తాను. అత్త హాల్లో కింద కూర్చుని చుక్కకూర తుంచుతోంది. మామ టీవీ ముందు కూర్చున్నాడు, టీవీలో బొమ్మలున్నాయి గానీ శబ్దం లేదు. ఆయనకు సంగతి బావ ముందే చెప్పి, అవ్వ ఫోన్ దాచిపెట్టమన్నాడు. ఆయన దాన్ని బియ్యం డబ్బాలో పూడ్చి వచ్చి కూర్చున్నాడు. గుట్టంత బరువు నెత్తిమీద ఉన్న చీకట్లో ఒక జీవితకాలం జంకకుండా పనిచేసిన మనిషి, పెళ్లాం దగ్గర ఒక్క మాట దాచమంటే చెమటతో తడిసిపోయాడు.

"ఏంది అల్లుడా, గీ యాళకు దుకాణం ఇడిసిపెట్టి వచ్చినవు?" అంది అత్త.

"నిన్ను సూద్దామని."

"సూసి ఏం జేస్తవు, అద్దాలు పెడ్తవా? నా ఫోన్ కనవడ్తలేదు, జర ఎతుకు. మీ మామ తిన్నడో ఏందో."

మామ ఉలిక్కిపడి, తినలేదన్నట్టు తల ఊపాడు. నేను ఫోన్ వెతుకుతున్నట్టు నటిస్తూ ఆమెను మాటల్లో పెట్టాను. మానేరు డ్యాం గేట్లలో ఆటో అంత చేప ఇరుక్కుందని మొదలుపెట్టాను. చేప కళ్లకు నా దుకాణంలో అద్దాలు కొలిచే దాకా వచ్చాను. అత్త నవ్వుతోంది, ఇంకో గంట లాగితే బావ వచ్చేస్తాడు, అందరం కలిసి శుక్రవారం దాకా తలుపులు మూసి కాపలా కాయవచ్చు అని నా లెక్క. అప్పుడే గేటు ముందు ఆటో ఆగింది. ఆగీ ఆగకముందే శోకం మొదలైంది. "ఓ అక్కా... ఒక్క మాటన్న చెప్పకుంట పోతివా అక్కా..."

నేను చేపను అక్కడే వదిలేసి గేటు దగ్గరికి ఉరికాను. పాత క్వార్టర్ల ఆడవాళ్లు అయిదారుగురు, వెనక బంతిపూల దండ పట్టుకుని మామతో కలిసి పనిచేసిన ఒక ముసలాయన. "అమ్మా, ఆగుండ్రి, గది కథ" అని నేను చెప్పబోతుంటే ముందున్నామె నన్ను గుండెకు హత్తుకుని ఇంకా పెద్దగా ఏడ్చింది. మేనల్లుణ్ని కదా, నాకు పలకరింపు అందరి కంటే ముందు. ఆమె భుజం మీద నా నోరు మూసుకుపోయింది. ఒకామె వదిలితే ఇంకొకామె పట్టుకుంది. అట్లా నన్ను చేతులు మార్చుకుంటూ, ఏడ్చుకుంటూ, వాళ్లు వాకిలి దాకా వచ్చారు. వాకిట్లో అత్త నిలబడి ఉంది, చేతిలో చుక్కకూర చాటతో.

శోకం మధ్యలో తెగిపోయింది. ముందున్నామె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, "అక్కా... నువ్వు లేవంటిరి" అంది.

"ఎవలన్నరు?"

అందరి వేళ్లూ నా వైపు తిరిగాయి. అదే సమయానికి బావ స్కూటర్ మీద వచ్చాడు. గేటు, ఆటో, దండ, అవ్వ, నేను, అన్నీ ఒకే చూపులో చూశాడు. హెల్మెట్ కూడా తియ్యకుండా స్కూటర్ మీదే కూలబడి, "అయిపాయె" అన్నాడు.

ఇంక చెప్పక తప్పలేదు. కథ రాశానని, దాంట్లో ఆమె లాంటి ఒకామె ఉంటుందని, చివర్లో ఆమె పోతుందని, వీళ్లు సగమే చదివారని చెప్పాను. జీవితంలో మొదటిసారి నా మాటల్లో ఒక్కటీ కల్పితం కాదు, అందుకే కాబోలు ఒక్కటీ సరిగ్గా రాలేదు. అత్త అరుగు మీద కూర్చుంది. చాట పక్కన పెట్టిన చెయ్యి మెల్లగా కడుపు మీదికి పోయింది. తుమ్ముకే వెనక్కి తిరిగిన మనిషికి ఇంటి ముందు చావుదండే వచ్చి నిలబడింది. శుక్రవారం అయిపోయినట్టే అనుకున్నాను. నేను ఏడ్వలేదు గానీ, అందులో నా గొప్పేం లేదు, అక్కడ ఏడ్చేవాళ్లు చాలినంత మంది ఉన్నారు.

అత్త తలెత్తి అందరినీ చూసింది. దండను వీపు వెనక దాచుకుంటున్న ముసలాయన్ను చూసింది. సిగ్గుతో నేల చూస్తున్న ఆడవాళ్లను చూసింది. నన్ను ఎక్కడ కొట్టాలా అని వెతుకుతున్న కొడుకును చూసింది. నన్నూ చూసింది. ఆ చూపులకు ఒక్క నిమిషం పట్టింది. తరువాత చిన్నగా, "మంచిగైంది" అంది.

"ఏం మంచిగైందే అవ్వా?" అన్నాడు బావ.

"మొన్న బంగ్ల మీద మిరపకాయలు ఎండవోస్తుంటె కాకి తన్నింది. గీడ, నడినెత్తి మీద." ఒక చెయ్యి పైన డాబా వైపు ఎత్తి, ఇంకో చేతి వేలు కొప్పు పక్కన పెట్టి చూపించింది. "మీరు పరేషాన్ అయితరని ఎవలకు చెప్పలే. ఆపరేషన్‌కు ఎట్ల పోవాలె దేవుడా అని లోపల లోపలనే సస్తున్న. గీ పోరడు నాకు తెల్వకుంటనే గండం తీసేసిండు."

ఆ మాటతో వాకిలి వాకిలంతా ఊపిరి పీల్చుకుంది. తెలియని వాళ్ల కోసం చెప్తున్నాను. మా దిక్కు కాకి నెత్తి మీద తన్నితే ప్రాణగండం అంటారు. దానికి విరుగుడు, ఆ మనిషి పోయిందని దగ్గరి వాళ్లకు ఉత్తుత్తి చావుకబురు పంపడం. వాళ్లు నిజమనుకుని కడుపారా ఏడవాలి. ఏడ్చిన తరువాత నిజం చెప్తే గండం ఆ కన్నీళ్లతో కొట్టుకుపోతుంది. వచ్చినవాళ్లు తిట్టుకుంటూ, నవ్వుకుంటూ, టీ తాగి వెళ్లిపోతారు. అబద్ధం చెప్తే పుణ్యం వచ్చే సందర్భం నాకు తెలిసి అదొక్కటే కాబట్టి ఆ ఆచారమంటే నాకు చిన్నప్పటి నుంచీ ప్రత్యేకమైన గౌరవం.

అప్పటిదాకా తలలు దించుకున్న ఆడవాళ్లు ఒక్కసారిగా గండం తీసిన పెద్దమనుషులయ్యారు. "మంచిగ ఏడ్చినమా అక్కా?" అని ముందున్నామె అడిగింది.

"మంచిగనే ఏడ్చిన్రు. ఆడికెల్లే మొదలువెట్టిన్రా, గీడికొచ్చినంకనా?"

"బస్సు ఎక్కిన కాడికెల్లి ఏడ్సుడే అక్కా. కండక్టర్ గూడ పాపం అని లేచి నాకు సీటిచ్చిండు."

"అయితె మస్తుగ పోయింది గండం" అని అత్త లేచింది. ముసలాయన వైపు తిరిగి, "గా దండ ఎనుక ఎందుకు దాస్తున్నవు? తెచ్చింది వాపస్ తీస్కపోతరా ఎవలన్న? కథ రాసినోని మెడల ఎయ్యుండ్రి" అంది. ఆయన వేశాడు. ఆడవాళ్లు చప్పట్లు కొట్టారు. చావింటికి తెచ్చిన బంతిపూల దండతో జరిగినా సన్మానం సన్మానమే. నాకు సాహిత్యంలో జరిగింది అదొక్కటే కాబట్టి టీ అయిపోయేదాకా మెడలోంచి తియ్యలేదు. బావ హెల్మెట్ తీసి, ముఖం అటు తిప్పుకుని నవ్వాడు. నన్ను కొట్టే ఆలోచన మానుకున్నాడని అప్పుడు తెలిసింది.

టీ తరువాత అత్త కథ చదవమంది. హాల్లో అందరూ కూర్చున్నారు. మామ బియ్యం డబ్బాలోంచి ఫోన్ తీసి, ఇప్పుడే దొరికినట్టు తెచ్చి ఆమె ముందు పెట్టాడు. నేను చదివాను. చివర్లో క్యారియర్ దగ్గరికి వచ్చేసరికి ఆడవాళ్లు రెండోసారి ఏడ్చారు, ఈసారి గొంతెత్తకుండా. ముసలాయన లేచి బయటకు పోయి ముక్కు చీదుకుని వచ్చాడు. అత్త ఏడవలేదు.

"అంత మంచిగనే ఉన్నది గని అల్లుడా," అంది, "యాభై ఏండ్లు నేను గేటు కాడ నిలవడ్తనా? నాకు ఇంట్ల పని లేదా? ఒక రోజు సూస్త, రెండ్రోజులు సూస్త. మూడోనాడు నేనే బాయిల దిగి రెక్కవట్టి గుంజుకొస్త."

"గుంజుకొస్తది" అన్నాడు మామ, అనుభవం ఉన్నవాడిలా.

"ఇంగొకటి. క్యారియర్ల ఏం పెట్టిన్నో రాయలే. ఏం లేకుంట ఉత్త క్యారియర్ వట్టుకోని నిలవడ్డనా?"

"ఏం పెట్టాలె అత్తా?"

"పచ్చిపులుసు, గోలిచ్చిన ఆలుగడ్డ. మీ మామకు గదే ఇష్టం."

"యాభై ఏండ్లకు పాడైతది గదా అత్తా."

"పాడైతదనే గదా మూడోనాడు దిగుత అంటున్న."

ఇంజనీరింగ్ కాలేజీ ఆయనకు చెప్పినట్టు మా బాయి సంగతి మీకు తెలియదని ఆమెకు చెప్పలేను కదా.

శుక్రవారం పొద్దున సంచి పట్టుకుని గడప దాటుతుంటే ఆటో అతను గట్టిగా తుమ్మాడు. అందరం కొయ్యబారిపోయాం. బావ అతని వైపు చూసిన చూపుకు మనిషి మాడిపోవాలి. అత్త మాత్రం ఆగకుండా పోయి ఆటోలో కూర్చుని, "కాకి గండమే పోయింది, తుమ్ముకు ఫికర్ ఏంది? పోనీ బిడ్డా" అంది.

ఆమెను లోపలికి తీసుకుపోయాక మేం ముగ్గురం ఆపరేషన్ థియేటర్ ముందు బెంచీ మీద కూర్చున్నాం. ఫినాయిల్ వాసన, కాగితం గ్లాసులో చల్లారిపోయిన టీ, గోడ మీద నోరు మీద వేలు పెట్టుకున్న పాప బొమ్మ. బావ ధైర్యంగానే ఉన్నాడు, నేనూ ధైర్యంగానే ఉన్నాను. గండం పోయిందిగా. అవన్నీ నమ్మను అని మనం అనుకుంటాం గానీ, అట్లాంటి బెంచీ మీద కూర్చున్నప్పుడు ఏది దొరికితే దాన్నే పట్టుకుంటాం. కొంతసేపటికి మామ ఎవరికో కాకుండా గోడకు చెప్తున్నట్టు, "బంగ్ల మీద మిరపకాయలు లెవ్వు" అన్నాడు.

"ఏంది మామా?"

"మోకాళ్ల నొప్పులకు మీ అత్త మెట్లెక్కక ఏడాదాయె. మిరపకాయలు నేనే దుకాణం నుంచి పొడి కొట్టిచ్చి తెస్తున్న. ఆమె బంగ్ల మీదికి ఎప్పుడు వోయింది, కాకి ఎప్పుడు తన్నింది?"

బావ తలెత్తాడు. ముగ్గురం ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం. కాకి లేదు. గండమూ లేదు, గండం పోవడమూ లేదు. అరుగు మీద ఒక్క నిమిషం మా అందరి ముఖాలూ చూసి, ఆ నిమిషంలోనే కాకిని పుట్టించి, దాన్ని తన నెత్తి మీద తన్నించుకుని, తుమ్ముకు భయపడే మనిషి ఏ రక్షణా లేకుండా, ఉత్త చేతులతో ఆ తలుపు లోపలికి నడిచిపోయింది. మేం తెచ్చుకున్న ధైర్యమంతా ఆమె మాకు అల్లి ఇచ్చిన కథ. అది తెలిశాక బెంచీ మీద ధైర్యం కలికానికి కూడా మిగల్లేదు. ఆ తరువాత అక్కడ కాలం ఎట్లా నడిచిందో చెప్పమంటే నాకు చేతకాదు, నేను చెప్తే మా ఆవిడ కోసే సగం కూడా చాలదు. మామ లేచి తలుపు దాకా పోయేవాడు, వచ్చేవాడు, మళ్లీ పోయేవాడు. ఒక దశలో తలుపు పిడి మీద చెయ్యి కూడా వేశాడు. బావ మెల్లగా ఆ చెయ్యి తీసి పట్టుకుని కూర్చున్నాడు.

చివరికి డాక్టరమ్మ మాస్కు దించుకుంటూ వచ్చి, గడ్డ మొత్తం వచ్చేసిందని, అందులో చెడ్డదేమీ లేనట్టే ఉందని, ఆమె గుండె గుర్రం గుండెలా గట్టిగా ఉందని చెప్పింది. మామ ఉన్న చోటే కూర్చున్నాడు. అక్కడ బెంచీ లేదు, నేల మీదే కూర్చున్నాడు. బావ నన్ను పట్టుకుని భుజం తడిపేశాడు. నేను కిందికి పోయి టీకొట్టు దగ్గర నిలబడ్డ వాళ్లందరికీ టీ ఇప్పించాను. ఎందుకని ఒకాయన అడిగితే మా ఇంట్లో పులి పుట్టిందని చెప్పాను. ఆయన నమ్మి, ఆడపులా మగపులా అని అడిగాడు.

మధ్యాహ్నం లోపలికి పోనిచ్చారు. అత్త కళ్లు సగం తెరిచి మమ్మల్ని చూసింది. నాలుక తడారిపోయి మాట ముద్దగా వచ్చింది. "ఇంక సురువు చెయ్యలేదా?" అంది.

"అయిపోయింది అత్తా."

"ఎప్పుడు? గిప్పుడే గదా పండుకున్న."

మామ ఆమె కాళ్ల దగ్గర దుప్పటి సవరిస్తూ ఉండిపోయాడు. పొద్దున గీసుకున్న గడ్డం మీద అప్పుడే తెల్లగా మొలిచినట్టు నాకు కనిపించింది, ఇది మాత్రం కల్పన కాదు. నేను వంగి ఆమె చెవిలో, "కాకి నిజంగ తన్నిందా అత్తా?" అని అడిగాను. కళ్లు మూసుకునే, పెదవి ఒక పక్కకు కొంచెం తిప్పి, "నువ్వొక్కనివే చెప్తవా కథలు?" అని మళ్లీ నిద్రలోకి జారిపోయింది.

ఇప్పుడు బాగుంది. మోకాళ్లు తప్ప అన్నీ బాగున్నాయి. కిందటి నెల దుకాణానికి వచ్చి అద్దాలు మార్పించుకుని, ధర విని, ఇంత అబద్ధం కథల్లో కూడా చెప్పొద్దంది. అయినా ఆ శుక్రవారం గురించి ఎప్పుడు మాట్లాడుకున్నా మా లెక్కలు కలవవు. ఆమెకు ఆ పూట లేనే లేదు, కన్ను మూసి తెరిచింది అంతే. ఆ పూటంతా కాలం ఆమెను తాకకుండా పక్క నుంచి పోయింది, బెంచీ మీద కూర్చున్న మా ముగ్గురి మీద నుంచి మాత్రం అడుగులో అడుగు వేసుకుంటూ నడిచిపోయింది.